గేర్‌బాక్స్ మొరాయిస్తున్న పాత కారు: బాగు చేయించాలా, అమ్మేయాలా?

"గేర్‌బాక్స్ పోయింది సార్" అని మెకానిక్ చెప్పగానే చాలామంది ఆ రాత్రికే ఏదో ఒకటి తేల్చేసుకుంటారు. కొందరు అప్పు చేసైనా బాగు చేయించేస్తారు. కొందరు వారం తిరక్కుండా వచ్చినకాడికి అమ్మేసి చేతులు దులుపుకుంటారు. రెండూ తొందరపాటే. ఎందుకంటే ఆ ఒక్క మాట కింద వందల్లో అయిపోయే ప్లాస్టిక్ బుష్ దగ్గర్నుంచి లక్ష దాటే ఆటోమేటిక్ యూనిట్ దాకా అన్నీ వచ్చేస్తాయి. అసలు పోయిందేమిటో తెలియకుండా ఉంచుకోవాలా, అమ్మాలా అని ఆలోచించడంలో అర్థం లేదు. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా ఆ సంగతి తేల్చుకోవడం గురించే ఉంటుంది. అది తేలాక లెక్క వేయడం పెద్ద కష్టం కాదు.

1. ముందు బండి ఆపాలా, నడపొచ్చా?

కొన్ని లక్షణాలు కనిపిస్తే షెడ్డు దాకా కూడా నడపొద్దు. బండి కింద కొత్తగా ఆయిల్ మరకలు పడటం, స్పీడ్‌బ్రేకరో రాయో అడుగున గట్టిగా తగిలిన తర్వాత ఆయిల్ కారడం, గేర్‌బాక్స్ లోపల ఇనుప ముక్కలు నలుగుతున్నట్టు గరగర సౌండ్, ఆటోమేటిక్ బండిని డీ (డ్రైవ్)లో పెడితే ఇంజిన్ అరుస్తున్నా బండి కదలకపోవడం. వీటిలో ఏది ఉన్నా టోయింగ్ పిలవండి. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే ఆ ఖర్చు కూడా ఉండకపోవచ్చు. ఆటోమేటిక్ అయితే తాడు కట్టి లాక్కెళ్లనివ్వొద్దు. ఇంజిన్ ఆగి ఉంటే లోపలి పంపు తిరగదు, ఆయిల్ అందదు. చక్రాలు తిరిగేకొద్దీ లోపల అరిగిపోతుంది. బండి మొత్తాన్ని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్డే అడగండి.

ఇక్కడే ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోవాలి. అరుగుదలకీ, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కీ మామూలు పాలసీ డబ్బులివ్వదు. కానీ అడుగున రాయి తగిలి గేర్‌బాక్స్ పగిలితే అది యాక్సిడెంట్ కింద వస్తుంది, కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే క్లెయిమ్ వేయొచ్చు. అయితే ఆయిల్ కారిపోతున్నా నడిపి లోపల పాడు చేసుకుంటే ఆ రెండో నష్టాన్ని కంపెనీ ఒప్పుకోదు. దానికి 'ఇంజిన్, గేర్‌బాక్స్ ప్రొటెక్షన్' అనే యాడ్‌ఆన్ ఉండాలి. పాత బండ్లకి అది దొరకడం కష్టం. అందుకే తగిలిన చోటే ఆపేయడం అంత ముఖ్యం. ఫోటోలు కూడా అక్కడే తీసుకోండి.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో నీళ్లలో మునిగిన కార్లు ఇప్పటికీ చేతులు మారుతూ ఉన్నాయి. మీ బండి ఎప్పుడైనా మునిగి ఉంటే ఆ విషయం మెకానిక్‌కి ముందే చెప్పండి. గేర్‌బాక్స్ పైన గాలి ఆడటానికి ఉండే చిన్న గొట్టంలోంచి నీళ్లు లోపలికి పోతాయి. ఆయిల్ దించి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. అలా నెలల తరబడి నడిచిన బండిలో బేరింగులన్నీ అనుమానించాల్సిందే.

2. మీ బండిలో ఉన్నది ఏ గేర్‌బాక్స్?

మాన్యువల్ వాళ్లకి ఈ ప్రశ్నే లేదు. 'ఆటోమేటిక్' అనుకునేవాళ్లు మాత్రం ఇది కచ్చితంగా తెలుసుకోవాలి, ఎందుకంటే నిర్ణయం సగం దీని మీదే ఆధారపడుతుంది.

మన దగ్గర తిరిగే చవక ఆటోమేటిక్‌లలో చాలావరకు ఏఎంటీలు. 2014లో మారుతి సెలేరియోతో మొదలై తర్వాత చాలా చిన్న కార్లలోకి వచ్చాయి. ఏఎంటీ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. అదే క్లచ్ ప్లేట్, అవే గేర్లు. మీ కాలూ చెయ్యీ చేసే పనిని ఒక యాక్చుయేటర్ చేస్తుంది, అంతే. కాబట్టి లోపలి రిపేర్ చాలావరకు మాన్యువల్ ఖర్చుతోనే అయిపోతుంది. యాక్చుయేటర్ పోతేనే బిల్లు బాగా పెరుగుతుంది.

మిగతావి వేరే. టార్క్ కన్వర్టర్ రకం (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా అందించేది) గట్టిది, కానీ ఆయిల్ మార్చకుండా ఏళ్లు నడిపితే లోపల ఆయిల్‌ని నియంత్రించే సొలినాయిడ్లు, వాల్వ్ బాడీ ఇబ్బంది పెడతాయి. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఒక స్టీల్ బెల్టు తిరుగుతూ ఉంటుంది. దాన్ని విప్పి బాగుచేయగలిగినవాళ్లు పెద్ద ఊళ్లలో కూడా తక్కువ. డ్యూయల్ క్లచ్ రకంలో రెండు క్లచ్‌లు, వాటిని నడిపే మెకట్రానిక్ యూనిట్ ఉంటాయి. ఖరీదు మొత్తం ఆ యూనిట్‌లోనే ఉంటుంది. మీది ఏ రకమో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. పుస్తకం పోతే మోడల్, సంవత్సరం, వేరియంట్ చెప్పి సర్వీస్ సెంటర్లో అడిగినా చెబుతారు.

3. షెడ్డుకి వెళ్లేముందు మీరే చేసుకోదగ్గ పరీక్షలు

వీటికి పనిముట్లేమీ అక్కర్లేదు. పది నిమిషాల పని. దీనివల్ల మెకానిక్ ముందు నిలబడినప్పుడు మీకు ధైర్యం ఉంటుంది.

మాన్యువల్ బండిలో గేర్లు పడటం లేదా? ఇంజిన్ ఆపేసి, క్లచ్ తొక్కి, ఫస్ట్ నుంచి రివర్స్ దాకా ఒక్కొక్కటీ వేసి చూడండి. ఆపినప్పుడు వెన్నలా పడి, స్టార్ట్ చేశాక పడకపోతే తప్పు గేర్‌బాక్స్‌ది కాకపోవచ్చు. క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. కేబుల్ రకమైతే కేబుల్ సాగి ఉంటుంది. హైడ్రాలిక్ అయితే క్లచ్ మాస్టర్ సిలిండరో, కింది స్లేవ్ సిలిండరో లీక్ అవుతూ ఉంటుంది. చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేక్‌కీ ఆయిల్ డబ్బా ఒకటే. అందుకే ఈమధ్య బ్రేక్ ఆయిల్ తరచూ తగ్గుతోందా అని గుర్తు చేసుకోండి. ఇవన్నీ గేర్‌బాక్స్ దించడంతో పోలిస్తే చిన్న పనులు. (కొన్ని మోడళ్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది, అప్పుడు మాత్రం దించక తప్పదు.) ఇంజిన్ ఆపినా గేరు పడకపోతే గేరు రాడ్డు నుంచి గేర్‌బాక్స్ దాకా వెళ్లే కేబుళ్లు, వాటి చివర బుష్‌లు చూడమనండి. అవి బాగుంటే అప్పుడు లోపలి సమస్య అనుకోవాలి.

పికప్ తగ్గిందా? ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40, 50 స్పీడుతో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు గబుక్కున లేచి, స్పీడు మాత్రం నిదానంగా పెరుగుతుంటే క్లచ్ ప్లేట్ అరిగిపోయి జారుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. క్లచ్ సెట్ మార్చడం అంటే గేర్‌బాక్స్ దించాలి, అయినా అది మామూలు మెయింటెనెన్సే. క్లచ్ పోయిందని బండి అమ్మేయడం నాకు అస్సలు నచ్చని పని.

సౌండ్ విషయానికొస్తే, బండి నిలబెట్టి, స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ మీంచి కాలు తీయండి. ఊళ వేసినట్టు సన్నటి సౌండ్ వస్తూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అరిగి ఉండొచ్చు. దీనికి విరుద్ధంగా, తొక్కినప్పుడే సౌండ్ వస్తే అది రిలీజ్ బేరింగ్, క్లచ్ సెట్‌తో పాటు మారిపోతుంది. ఒకే ఒక్క గేరు, ఎక్కువగా సెకండో థర్డో, వేసేటప్పుడు మాత్రమే కర్రుమంటే ఆ గేరు సింక్రో రింగ్ (గేరు సాఫీగా పడేలా వేగం కలిపే రింగు) అరిగింది. నడుస్తుండగా గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంటే ఇంజిన్ మౌంటింగులు ముందు చూపించండి, తర్వాత లోపల గేర్లను జరిపే ఫోర్కుల సంగతి. రివర్స్ ఒక్కటే కర్రుమంటే భయపడకండి. చాలా బండ్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు, బండి పూర్తిగా ఆగాక రెండు మూడు సెకన్లు క్లచ్ తొక్కి పట్టి వేస్తే సరిపోతుంది.

గేర్‌బాక్స్ కాని వాటిని గేర్‌బాక్స్ అనుకోవడం చాలా మామూలు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే టకటకమంటే అది యాక్సిల్ జాయింట్. ఏ గేరులో ఉన్నా, న్యూట్రల్‌లో పెట్టి జారనిచ్చినా, స్పీడు బట్టి మాత్రమే హోరు పెరుగుతుంటే అది వీల్ బేరింగ్.

ఆటోమేటిక్ అయితే ముందు బ్యాటరీ చూపించండి. వోల్టేజీ తగ్గితే గేర్‌బాక్స్ కంప్యూటర్ తికమకపడి గేరు పట్టేసుకోవడం, హెచ్చరిక లైటు వెలగడం, బండి ఒకే గేరులో ఈడ్చుకుంటూ నడవడం జరుగుతాయి. లీవరు పీ (పార్కింగ్) నుంచి కదలకపోతే బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్ చూడాలి. వెనక బ్రేక్ లైట్లు వెలగకపోతే దాదాపు అదే కారణం. డీలో పెట్టాక కదలడానికి సెకను, రెండు సెకన్లు ఆలస్యం కావడం, గేరు మారేటప్పుడు వెనకనుంచి గుద్దినట్టు కుదుపు రావడం, 20, 30 స్పీడు దగ్గర బండి వణకడం లాంటివి కనిపిస్తే ఎప్పుడు, ఎంత స్పీడులో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది ఫోన్‌లో రాసుకోండి. వీలైతే పక్కన కూర్చున్నవాళ్లతో వీడియో తీయించండి. షెడ్డుకి తీసుకెళ్లినప్పుడు ఏ బండీ రోగం చూపించదు, మీ వీడియోనే సాక్ష్యం.

4. ఇద్దరికి చూపించండి, ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి

ఒకటి కంపెనీ సర్వీస్ సెంటర్, రెండోది గేర్‌బాక్స్ పని మాత్రమే చేసే మెకానిక్. ఇద్దరి దగ్గరికీ వెళ్లమనడానికి కారణం ఉంది. సర్వీస్ సెంటర్లో లోపల విప్పి ముక్కలు మార్చే పని తక్కువ, గేర్‌బాక్స్ మొత్తాన్నే మార్చమంటారు. ఎస్టిమేట్ గుండె గుభేల్మనేలా ఉంటుంది. కానీ బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్లు చదివే వాళ్ల స్కానర్ బాగుంటుంది. ఆటోమేటిక్‌కి ఆ రిపోర్టు కోసమైనా వెళ్లాలి. పీ0700 అనే కోడ్ వచ్చిందని చెప్పి ఎవరైనా గేర్‌బాక్స్ మార్చాలంటే ఒప్పుకోకండి. 'గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో తప్పు నమోదైంది' అనే దాకే ఆ కోడ్ చెబుతుంది. అసలు కారణం చెప్పే వేరే కోడ్లు దాని వెనక ఉంటాయి, అవి అడగండి. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, వాటిని నమ్ముకుని నిర్ణయం తీసుకోవద్దు.

"దించితే గానీ చెప్పలేం సార్" అన్న మాట చాలాసార్లు నిజమే. అలాంటప్పుడు దించి, విప్పి చూపించడానికి లేబర్ ఎంత, చూశాక మనం వద్దనుకుంటే ఎంతిచ్చి బయటపడొచ్చు అన్నది ముందే మాట్లాడుకోండి. విప్పే రోజు మీరు అక్కడ ఉండండి. ఉండలేకపోతే విప్పిన ముక్కల ఫోటోలు పంపమనండి, పాత ముక్కలు పారేయొద్దని చెప్పండి.

ఆ రోజు మీరు కళ్లారా చూడాల్సింది ఒకటుంది. ఆయిల్ దించేటప్పుడు డ్రెయిన్ బోల్టు చేతిలోకి తీసుకోండి. చాలావాటికి చివర చిన్న అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద లాంటిది ఉంటే కంగారు పడక్కర్లేదు, ఏళ్ల అరుగుదల అలాగే ఉంటుంది. వేలితో రుద్దితే గరుకుగా తగిలే పలుకులు, గోటి ముక్కల్లాంటి ఇనుప చెక్కలు ఉంటే గేరు పళ్లో, బేరింగో విరుగుతోంది. తర్వాత కొంచెం ఆయిల్ తెల్ల గుడ్డ మీద పోసి ఎండలో చూడండి. పసుపు పచ్చటి మెరుపు కనిపిస్తే అది ఇత్తడి, సింక్రో రింగులు అరిగి రాలుతున్నాయి. ఆటోమేటిక్ ఆయిల్ ఎర్రగా ఉంటుందంటారు కానీ అన్ని కంపెనీల ఆయిలూ ఎరుపు కాదు, రంగు కంటే వాసన నమ్మకం. మాడు వాసన వచ్చి నల్లగా ఉంటే లోపలి క్లచ్‌లు కాలాయి, అలాంటి బండికి ఆయిల్ మార్చి చూద్దామనే మాట కాలక్షేపమే.

5. గేర్‌బాక్స్ పక్కన పెట్టి మిగతా బండి చూడండి

గేర్‌బాక్స్ బాగుపడ్డాక ఆ బండిని ఇంకా ఎన్నేళ్లు నడుపుతారు? ఖర్చు సంగతి తర్వాత, ముందు ఈ ప్రశ్నకి జవాబు కావాలి.

ఆర్‌సీ తీసి తేదీ చూడండి. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. మీ బండికి 13 ఏళ్లు నిండి ఉంటే ఈ ఖర్చు దగ్గర్లోనే ఉందని లెక్కలో రాసుకోండి. అలాగే 15 ఏళ్లకి దగ్గరపడేకొద్దీ కొనేవాళ్లు బేరం బాగా తగ్గిస్తారు.

తర్వాత ఇంజిన్. పొగ, ఆయిల్ తాగడం, వేడెక్కడం. ఏసీ. టైమింగ్ బెల్టు మార్చే టైమ్ అయిందా అన్నది. డీజిల్ అయితే ఇంజెక్టర్లు, టర్బో. వైజాగ్, కాకినాడ వైపు సముద్రపు గాలిలో పెరిగిన బండైతే లిఫ్ట్ మీద ఎక్కించి అడుగున తుప్పు తప్పకుండా చూడండి. తుప్పు పట్టిన బాడీలో కొత్త గేర్‌బాక్స్ పెట్టడం డబ్బు దండగ. వచ్చే రెండేళ్లలో తప్పవనిపించే ఖర్చులన్నీ కలిపి ఒక అంకె వేసుకోండి. నిజాయితీగా వేయండి, ఎవరికీ చూపించాల్సిన పని లేదు.

మొన్నే నాలుగు టైర్లు వేయించాను, పోయినేడు పెయింటింగ్‌కి 40 వేలయ్యాయి అన్న బాధ ఇక్కడ అడ్డం వస్తుంది. ఆ డబ్బు ఇప్పుడు ఉంచుకున్నా, అమ్మినా తిరిగి రాదు. టైర్లు ఇంకా రెండేళ్లు వస్తాయి కాబట్టి ఆ ఖర్చు వేసుకోకుండా ఉండండి, అంతవరకే.

6. ఇప్పుడు లెక్క

చాలామంది రిపేర్ ఖర్చుని బండి రేటుతో పోల్చి, సగం దాటితే అమ్మేయాలంటారు. వినడానికి బాగుంటుంది గానీ దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు. మీకు కావాల్సిన అంకెలు నాలుగు. ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఎంతొస్తుంది. బాగు చేయించి అమ్మితే ఎంతొస్తుంది. బాగు చేయడానికి ఎంత. దీని బదులు మరో బండి కొంటే మొత్తం ఎంత.

మొదటి రెండూ ఊహించకండి. ఆన్‌లైన్‌లో కార్లు కొనే కంపెనీలతో ఇన్‌స్పెక్షన్ చేయించండి, ఊళ్లో ఇద్దరు డీలర్లకి చూపించండి. ఈ నెల రేటే చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్, డీజిల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, కొత్త బండి చవకైతే పాతదాని రేటూ దిగుతుంది. అంతకుముందు మీ స్నేహితుడికి వచ్చిన రేటు మీకు పనికిరాదు.

ఒక ఉదాహరణ వేద్దాం, అంకెలన్నీ లెక్క అర్థం కావడానికే. 2013 డీజిల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్. సింక్రో, బేరింగులు, క్లచ్ సెట్ కలిపి 28,000. ఉన్నది ఉన్నట్టు 1,40,000, బాగు చేస్తే 2,00,000. తేడా 60,000. అంటే అమ్మాలన్నా సరే, బాగు చేయించి అమ్మడమే లాభం. మాన్యువల్ బండ్లలో, ఏఎంటీల్లో చాలావరకు లెక్క ఇలాగే తేలుతుంది. కారణం ఏమిటంటే, సౌండ్ వస్తున్న గేర్‌బాక్స్‌ని చూసిన డీలర్ అసలు ఖర్చు కాకుండా, తనకున్న భయం మొత్తాన్ని రేటులోంచి తీసేస్తాడు.

రెండోది 2015 సెడాన్, సీవీటీ. రిపేర్ 1,60,000. ఉన్నది ఉన్నట్టు 2,20,000, బాగు చేస్తే 3,40,000. తేడా 1,20,000 మాత్రమే. అమ్మాలనుకుంటే బాగు చేయించొద్దు, అలాగే ఇచ్చేయండి. ఉంచుకోవాలనుకుంటే మూడేళ్లు ముందుకి చూడాలి. రిపేర్ 1,60,000, తప్పని ఇతర ఖర్చులు 40,000. ఇప్పుడు 2,20,000 చేసే బండి మూడేళ్ల తర్వాత 1,80,000 పలికితే అక్కడ తగ్గింది 40,000. మొత్తం 2,40,000. దాని బదులు 6,00,000 పెట్టి వేరే సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కొంటే, మూడేళ్లకి అది 3,80,000 అవుతుందనుకోండి. పోయింది 2,20,000, ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్, కొన్న కొత్తలో పెట్టే పనులు 30,000. మొత్తం 2,50,000. రెండూ దాదాపు ఒకటే! లోన్ తీసుకుంటే వడ్డీ కూడా రెండో వైపు కలపాలి.

ఇలా అంకెలు దగ్గరగా వచ్చినప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: రిపేర్ చేసేవాడు ఎన్ని నెలల వారంటీ రాసిస్తాడు? ఏడాది రాసిస్తే ఉంచుకోండి. కొత్తగా కొనే సెకండ్ హ్యాండ్ బండి రోగాలు మీకు తెలియవు, మీ బండివి మీకు తెలుసు. వారంటీ నోటిమాటే అయితే అమ్మేయడం మేలు.

ఇంట్లో అవసరం కూడా లెక్కలోకి రావాలి. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, గుంటూరులో అమ్మానాన్నలు ఆ కారు మీదే ఆస్పత్రికి వెళ్తుంటే, రోడ్డు మీద ఆగిపోయే అవకాశం ఉన్న బండిని ఎంత చవకగా వచ్చినా ఉంచకూడదు. మోకాళ్ల నొప్పుల వల్ల ఆటోమేటిక్ తప్పనిసరైతే బదులు కొనేదీ ఆటోమేటిక్కే కావాలి, ఆ రేటే వేయాలి. నాన్న కొన్న బండి, అమ్మబుద్ధి కాదు అంటే అదీ కారణమే. కాకపోతే ఆ మమకారానికి ఎంతదాకా పెట్టగలరో ముందే ఒక అంకె అనుకుని, అది దాటితే ఆగండి.

7. బాగు చేయించాలనుకుంటే

మూడు దారులున్నాయి. ఉన్నదాన్నే విప్పి అరిగినవి మార్చడం, సెకండ్ హ్యాండ్ యూనిట్ వేయడం, కొత్తది వేయడం. పాత బండికి కొత్తది లెక్కకి రాదు. మాన్యువల్‌కి మొదటిదే మంచిది. మెయిన్ షాఫ్టో, కేసింగో పగిలిపోతే రెండోదానికి వెళ్లాలి. విజయవాడ ఆటోనగర్, వైజాగ్‌లో గాజువాక ఆటోనగర్, హైదరాబాద్ ఆటోనగర్ లాంటి చోట్ల యాక్సిడెంట్ బండ్ల నుంచి తీసినవి దొరుకుతాయి. మోడల్ ఒకటే అయినా పెట్రోల్‌కీ డీజిల్‌కీ, ఒక ఏడాదికీ మరో ఏడాదికీ గేర్ల నిష్పత్తి మారొచ్చు, కాబట్టి మీ గేర్‌బాక్స్ మీదున్న నంబరు ఫోటో తీసుకుని వెళ్లండి. చేత్తో షాఫ్ట్ తిప్పి, ఊపి చూడండి. ఆడితే వద్దు. బిల్లు ఇవ్వనన్న చోట కొనకండి, దొంగ బండి సామాను కావచ్చు. ఆర్‌సీలో ఇంజిన్, ఛాసిస్ నంబర్లే ఉంటాయి, గేర్‌బాక్స్ నంబరు ఉండదు. అందుకని ఇంజిన్ మార్చినప్పటిలా ఆర్‌టీఓ ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పని లేదు.

గేర్‌బాక్స్ దించాక క్లచ్ సెట్, యాక్సిల్ ఆయిల్ సీళ్లు, ఇంజిన్ వెనక ఆయిల్ సీలు, చచ్చిపోయిన మౌంటింగులు అప్పుడే మార్చేయండి. మళ్లీ వీటికోసం దించితే లేబర్ రెండోసారి కట్టాలి. ఏఎంటీకి పని అయ్యాక స్కానర్‌తో క్లచ్ సెట్టింగ్ చేయాలి, అది చేయకుండా ఇస్తే బండి కుదుపుతూనే ఉంటుంది. సీవీటీకి కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి. 'అన్నిటికీ ఇదే పోస్తాం సార్' అన్నవాడి దగ్గర సీవీటీ వదలొద్దు.

8. అమ్మాలనుకుంటే

గేర్‌బాక్స్ సంగతి దాచకండి. చిక్కటి ఆయిల్ పోసి సౌండ్ తగ్గించి అంటగట్టే అలవాటు ఉంది. కొనేవాడు కూడా తను కష్టపడి దాచుకున్న డబ్బే పెడతాడు. ఎస్టిమేట్ కాగితం చేతికిచ్చి చెప్పండి. విచిత్రంగా అలా చెప్పినప్పుడే బేరం బాగా కుదురుతుంది, ఎందుకంటే కొనేవాడికి ఖర్చు తెలుసు, ఊహించుకుని భయపడడు. ఇలాంటి బండికి మంచి రేటు ఇచ్చేది సొంత షెడ్డు ఉన్న మెకానిక్. అడిగి చూడండి.

కాగితాల దగ్గర మాత్రం ఒక్క రోజు కూడా అలసత్వం వద్దు. పేరు మార్పిడి కోసం ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇచ్చేసి ఊరుకోకండి, ఆర్‌సీలో పేరు మారేదాకా వెంటపడండి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో మీరు రిపోర్ట్ చేయాలి. ఆర్‌సీలో పేరు ఎవరిదో యాక్సిడెంట్ బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో చెప్పింది. బండి నాలుగు చేతులు మారినా సరే. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో ఆర్‌సీలోని హెచ్‌పీ (లోన్ నమోదు) క్యాన్సిల్ చేయించండి. తెలంగాణ నుంచి ఆంధ్రకి, అటునుంచి ఇటు అమ్మితే ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, పెండింగ్ చలానాలు ముందే కట్టేయండి. డీలర్‌కి ఇస్తే ఆర్‌టీఓ ఆథరైజేషన్ ఉందా అని అడిగి, బండి డీలర్‌కి అప్పగించినట్టు తెలిపే ఫారం 29సి ఆన్‌లైన్‌లో పెట్టించండి. ఆ తర్వాత బండి బాధ్యత అతనిది.

ఎవరూ కొనని స్థితిలో ఉంటే గల్లీ తుక్కు కొట్టుకి కాకుండా రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్‌కి ఇవ్వండి. అక్కడ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ చూపిస్తే కొత్త బండి పన్నులో రాయితీ ఉంటుంది, సొంత కార్లకి కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 25 శాతం. మీ రాష్ట్రంలో ఎంతిస్తున్నారో కొనేముందు ఆర్‌టీఓలో కనుక్కోండి. ఆ బండి నంబరు మీద మరొకరు తిరిగే భయం కూడా ఉండదు.

క్లెయిమ్ లేకుండా ఏళ్లు గడిచి నో క్లెయిమ్ బోనస్ పెరిగి ఉంటే అది బండిది కాదు, మీది. 50 శాతం దాకా ఉండొచ్చు. బండి అమ్మాక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే బండికి వాడుకోవచ్చు. ఇక బండి తాళాలు ఇచ్చేముందు అద్దం మీది ఫాస్టాగ్ పీకేసి, బ్యాంకు యాప్‌లో క్లోజ్ చేయండి. లేకపోతే కొన్నవాడు పంతంగి టోల్ దాటిన ప్రతిసారీ డబ్బులు మీ ఖాతాలోంచే పోతుంటాయి.